దీర్ఘకాలిక స్వయం నిర్దేశిత అభ్యసనానికి యాప్ రూపకల్పన

మొక్కజొన్నను ఆశించే కత్తెర పురుగును మన దేశంలో తొలిసారిగా 2018లో కర్ణాటకలో గుర్తించారు. లార్వా తలపై తలకిందులైన 'వై' ఆకారపు గుర్తు, ఎనిమిదవ ఉదర ఖండితంపై చతురస్రాకారంలో నాలుగు నల్లని మచ్చలు దీని ముఖ్య లక్షణాలు. శిక్షణలో వీటిని నేర్చుకున్న విస్తరణ కార్యకర్త కొన్ని నెలల తర్వాత పొలంలో గుర్తుకు తెచ్చుకోలేకపోతే సిఫారసు తప్పుతుంది. ఆ నష్టం రైతుపై పడుతుంది. కావున అభ్యసన యాప్‌ను పూర్తి చేసిన పాఠాల సంఖ్యతో గాక, అవసరమైన నాడు విషయం గుర్తుకు రావడంతో అంచనా వేయాలి.

నేర్చుకున్న విషయం తొలుత వేగంగానూ, తరువాత నెమ్మదిగానూ మరుపునకు గురవుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల ద్వారా వెల్లడించారు. దీనిని ఎదుర్కొనే మార్గం వ్యవధి పెంచుతూ చేసే పునశ్చరణ. పోలండ్‌కు చెందిన ప్యోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన ఎస్.ఎమ్-2 పద్ధతిలో తొలి వ్యవధి 1 రోజు, రెండవది 6 రోజులు. ఆపై గత వ్యవధిని సౌలభ్య గుణకంతో హెచ్చిస్తారు. దీని ప్రారంభ విలువ 2.5, అది మారకుంటే తదుపరి వ్యవధులు 15, 38 రోజులవుతాయి. సమాధానం తప్పితే వ్యవధి మళ్ళీ 1 రోజుతో మొదలవుతుంది.

అయితే ఈ లెక్కకు పంటకాలం తెలియదు. వ్యవధి పెరిగిన ప్రశ్న పంటకాలం ముగిశాక రావచ్చు. అందువలన ప్రతి ప్రశ్నకు పంటను, పంట దశను జతచేసి, విత్తే సమయానికి ముందే ఒకసారి పునశ్చరణకు వచ్చేలా యాప్‌ను రూపొందించాలి. సమాధానం చూపే ముందు అభ్యాసకుడు దానిని స్వయంగా గుర్తుకు తెచ్చుకునే అవకాశం ఉండాలి. నెట్‌వర్క్ లేని గ్రామాలలోనూ యాప్ పనిచేయాలి.

స్వయం నిర్దేశిత అభ్యసనంలో అవసరాలను గుర్తించడం, లక్ష్యాలను నిర్ణయించుకోవడం, వనరులను ఎంచుకోవడం, ఫలితాలను మూల్యాంకనం చేయడం అభ్యాసకుని చేతిలోనే ఉంటాయని మాల్కమ్ నోల్స్ 1975లో వివరించారు. దీని ప్రకారం పంటల ఎంపిక, రోజువారీ ప్రశ్నల పరిమితి అభ్యాసకుడే నిర్ణయించాలి. తన పొలం సందర్శనలలో తీసిన చిత్రాలను చేర్చుకునే వీలు, అభ్యసన నమోదులను వేరొక ఫోనుకు మార్చుకునే వీలు కల్పించాలి. ఏళ్ల తరబడి సాగే అభ్యసనంలో ఆ నమోదులే అతని ఆస్తి.

యాప్ ఫలితాన్ని పరీక్షించడానికి తదుపరి పంటకాలంలో అభ్యాసకుడు మునుపు చూడని చిత్రాలను ఇచ్చి, ఎన్నింటిని సరిగా గుర్తించాడో నమోదు చేయాలి. చూసిన చిత్రాలనే మళ్ళీ ఇస్తే చిత్రం గుర్తున్నదని మాత్రమే తెలుస్తుంది. పురుగును గుర్తించగలిగే నైపుణ్యం తెలియదు.