మందు సీసాలో లేదు, పురుగు పొట్టలో ఉంది

హైదరాబాద్‌లో బోరబండ బస్టాండు నుంచి ఎర్రగడ్డ రైతుబజారు దాకా కొబ్బరి బొండాల బండ్లకు, పూజసామాను కొట్ల ముందు కాయల గుట్టలకు కొదవ లేదు. కాయ ఖరీదు ఎందుకు పెరిగిందని అడిగేవాళ్లే గానీ, ఆ చెట్టు మొవ్వును రాత్రిపూట ఏ పురుగు తొలిచిందో నగరంలో అడిగేవాళ్లు అరుదు. దాని పేరు కొమ్ము పురుగు. దాన్ని అణచడానికి శాస్త్రవేత్తలు చెప్పే మార్గాల్లో ఒకటి వింటే ఎంత అనుభవమున్న రైతైనా తెల్లబోవాల్సిందే. తోటలోకి మరికొన్ని కొమ్ము పురుగులను వదలమంటారు!

తోటల్లో పురుగుల మీద వైరస్ ప్రయోగం అనగానే అందరూ యూరప్ యాపిల్ తోటల గురించే చెబుతారు. అన్నిటికన్నా ఆకట్టుకునేది మాత్రం మన దేశానిదే. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ (సీపీసీఆర్‌ఐ) చేసిన సిఫారసు అది. వైరస్ ఎక్కించిన పెంకు పురుగులను హెక్టారుకు 10 నుంచి 15 చొప్పున తోటలో వదలాలన్నది దాని సారాంశం. ఇందులో లీటర్ల లెక్క లేదు, పిచికారీ ఊసు లేదు. మోతాదును పురుగుల్లో లెక్కపెట్టే వైద్యం ఇది.

కొమ్ము పురుగు బతుకు తెలిస్తే ఈ వైద్యం అర్థమవుతుంది. బొటనవేలంత నల్లటి పెంకు పురుగు, తల మీద వెనక్కి వంగిన కొమ్ము. చీకటి పడ్డాక ఎగిరొచ్చి, విచ్చుకోని మొవ్వులోకి తొలుచుకుపోయి రసం పీలుస్తుంది, నమిలిన పిప్పిని బయటికి నెడుతుంది. కొన్ని వారాలకు ఆ మట్ట విచ్చుకుంటే ఆకులు కత్తెరతో కోసిన విసనకర్రలా కనిపిస్తాయి. పూగుత్తిని కొరికితే ఆ గెల పోయినట్టే. లేత మొక్క అయితే ప్రాణానికే ముప్పు. అది చేసిన గాయంలోంచి ఎర్రముక్కు పురుగు, మొవ్వుకుళ్లు చొరబడతాయి.

చిక్కేమిటంటే, పురుగు తినేది చెట్టు మీదే అయినా పుట్టేది అక్కడ కాదు. పెంటకుప్పల్లో, కుళ్లిన మొద్దుల్లో గుడ్లు పెడుతుంది. తెల్లగా, లావుగా, చుట్టుకుని పడుకునే పిల్ల పురుగులు అక్కడే నెలల తరబడి పెరుగుతాయి. అంత ఎత్తు చెట్టెక్కి ఎన్నిసార్లు మందు కొట్టినా కుప్పలో పెరిగే సంతానాన్ని అది తాకదు.

వైరస్ అక్కడికి చేరగలదు, పురుగే దాన్ని మోసుకుపోతుంది కాబట్టి. జబ్బుతో చచ్చిన పిల్ల పురుగుల పేగులను నూరి నీళ్లలో కలుపుతారు. పట్టి తెచ్చిన పెద్ద పురుగులను ఆ ద్రవంలో పాకనిస్తారు. వైరస్ నోటి ద్వారా లోపలికి పోతుంది. కొన్నాళ్లు పెట్టెల్లో ఉంచి, పొద్దుగూకే వేళ తోటలో వదిలేస్తారు. సోకిన పురుగు వెంటనే చావదు. తిండి తగ్గుతుంది, చెట్టును తొలిచే శక్తి తగ్గుతుంది, ఆడపురుగు గుడ్లు పెట్టడం తగ్గిపోతుంది. కానీ ఎగరడం మానదు. జోడు కోసం పెంటకుప్పలకు పోతుంది, మలంతో పాటు వైరస్‌ను అక్కడ విడుస్తుంది. అది తిన్న పిల్ల పురుగులు కొద్ది వారాల్లో చస్తాయి. కోసి చూస్తే తేడా కంటికే తెలిసిపోతుంది: జబ్బుపడిన పెద్ద పురుగు పేగు ఉబ్బి, పాలలా తెల్లగా ఉంటుంది. మనిషికి, గొడ్డుకు, తేనెటీగకు మాత్రం ఈ వైరస్‌తో ఏ ప్రమాదమూ లేదు.

చరిత్ర క్లుప్తంగా. 1909లో సిలోన్ నుంచి రబ్బరు మొక్కలతో పాటు ఈ పురుగు పసిఫిక్‌లోని సమోవాకు చేరి తోటలను చెరిచింది. 1963లో జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్ మలేసియాలో ఈ వైరస్‌ను కనిపెట్టారు. 1967లో సమోవాలో వదిలాక పురుగు ఉద్ధృతి బాగా తగ్గింది, తర్వాత ఫిజీ వంటి దీవులూ అదే బాట పట్టాయి. మన దేశంలో 1980లలో సీపీసీఆర్‌ఐ శాస్త్రవేత్తలు లక్షదీవుల్లోని మినికాయ్, ఆంద్రోత్‌లలో వదిలి మంచి ఫలితం చూశారు.

సందేహాలూ ఉన్నాయి, దాచనక్కర్లేదు. విజయాలలో ప్రసిద్ధమైనవన్నీ దీవులవే. సముద్రం మధ్య ఉన్న తోటలోకి కొత్త పురుగు వచ్చి పడటం కష్టం. కోనసీమ చుట్టూ గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠ ఉన్నా కొమ్ము పురుగుకు నది అడ్డం కాదు. ఒక రైతు వదిలి, పక్క రైతు పెంటకుప్పను గాలికొదిలేస్తే ఫలితం పలచబడుతుంది. పైగా 2007లో గ్వామ్‌లో బయటపడిన కొమ్ము పురుగు రకానికి అదివరకు వాడుతున్న వైరస్‌లు పనిచేయలేదు. అదే రకం 2013లో హవాయిలోనూ కనిపించింది.

అయినా గోదావరి కొబ్బరికి ఈ మార్గం అవసరమే. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లను కూల్చింది. పడిన ప్రతి మొద్దూ కుళ్లితే కొమ్ము పురుగుకు పురిటిల్లే. తుపానులు ఆగవు కాబట్టి మొద్దులూ తప్పవు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి మేలుచేసే కీటకాలను పెంచి కొబ్బరి రైతులకు ఇచ్చిన అనుభవం ఉంది. సర్పిలాకార తెల్లదోమ మీద పోరులోనూ ఆ ప్రయోగశాల ముందు నిలిచింది.

సీసాలో పట్టే వైరస్

శనగపచ్చ పురుగు మీద వాడే ఎన్‌పీవీ (న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్) వేరే తీరుది. దాని కణాలు ప్రోటీన్ గుళికల్లో ఇమిడి ఉంటాయి కాబట్టి సీసాలో నిల్వ ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ తయారీలో శిక్షణ ఇస్తోంది. కొలత ‘ఎల్‌ఈ’ (లార్వల్ ఈక్వివలెంట్): ఒక ఎల్‌ఈ అంటే 600 కోట్ల గుళికలు. శనగకు హెక్టారుకు 250 ఎల్‌ఈ. ఎండకు వైరస్ చెడుతుంది గనుక సాయంత్రమే కొట్టాలి, బట్టలకు వేసే నీలిమందు, బెల్లం కలపాలి. కొమ్ము పురుగు వైరస్‌కు ఈ గుళికల కవచం లేదు, అందుకే అది పురుగులోనే ప్రయాణించాలి.

యాపిల్ నేర్పిన పాఠం

యాపిల్ కాయతొలుచు పురుగు వైరస్ 1963లో మెక్సికోలో దొరికింది. 1988లో స్విట్జర్లాండ్‌లో అమ్మకానికి అనుమతి వచ్చింది. 2005 నాటికి జర్మనీలోని కొన్ని తోటల్లో పురుగు దానికి లొంగడం మానేసింది. అందరూ ఆ ఒక్క మెక్సికో రకాన్నే నమ్ముకోవడం అందుకు కారణం. వేరే రకాలను వెతికి తెచ్చాక మళ్లీ దారికొచ్చింది.

మళ్లీ కొమ్ము పురుగు దగ్గరికొస్తే, సీసాలో పట్టేదాన్ని కంపెనీ అమ్ముతుంది. పురుగు పొట్టలో తప్ప నిలవనిదాన్ని ఏ దుకాణమూ అమ్మదు. ఒకసారి వదిలితే తనంతట తాను పాకే మందుతో ఎవరికీ వ్యాపారం నడవదు. కాబట్టి ఈ బాధ్యత ప్రభుత్వ ప్రయోగశాలలదే. కొమ్ము పురుగు వైరస్‌ను పెంచి ఊరూరికీ అందించడానికి ఉద్యాన శాఖ ఏటా కొంత డబ్బు కేటాయించాలి. రైతులు ఊరంతా ఒకేసారి వదిలేలా కూడబలుక్కోవాలి, కుళ్లిన మొద్దులను తోటలోంచి తీసేయాలి, పెంటకుప్పలను తిరగవేసి, పిల్ల పురుగులను చంపే మెటారైజియం శిలీంధ్రం చల్లాలి. వైరస్ పురుగుల కోసం దగ్గరలోని ఉద్యాన అధికారిని ఈ సీజన్‌లోనే అడగండి.