జుగ్రాఫియాకు కొత్త అర్థం చెప్పిన ప్రొఫెసర్ మూనిస్ రజా

మన ఇళ్లలో పిల్లవాడు జుగ్రాఫియా చదువుతానంటే పెద్దలు పెదవి విరుస్తారు. "నదుల పేర్లు, రాజధానుల పేర్లు బట్టీపట్టి ఏం సాధిస్తావు?" అంటారు. ఈ మాట తల్లిదండ్రుల నోట మేము ఎన్నోసార్లు విన్నాం. అలా అనేవారు ప్రొఫెసర్ మూనిస్ రజా గురించి తప్పక తెలుసుకోవాలి.

ఆయన 1925లో జన్మించారు. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా గంగౌలీ వారి కుటుంబపు ఊరు. దూరదర్శన్ 'మహాభారత్' సీరియల్‌కు సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా ఆయన తమ్ముడే. తమ్ముడు ఆ ఊరి కథను నవలగా రాశారు. అలాంటి ఊళ్లు ఎందుకు వెనకబడ్డాయో తెలుసుకోవడమే అన్న తన శాస్త్రంగా మలచుకున్నారు.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో బోధించిన మూనిస్ రజా, 1969లో ఢిల్లీలో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి రూపమిచ్చినవారిలో ఒకరు. ప్రాంతీయాభివృద్ధి అధ్యయన కేంద్రాన్ని అక్కడ నెలకొల్పారు. భూగోళ, ఆర్థిక, జనాభా శాస్త్రాలను అందులో ఒక్కచోట చేర్చారు.

ఒక జిల్లాలో మిల్లులు వెలుస్తాయి, మరో జిల్లా కూలీలను పంపుతుంది. దీనికి నేల, వర్షం మాత్రమే కారణమా? కాదు, చరిత్ర కూడా కారణమే. ఆంగ్లేయుల కాలంలో రైలు మార్గాలు ప్రధానంగా కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల వైపు సాగాయి. లోపలి జిల్లాల పత్తి, జనపనార ఆ దారిన ఓడలకెక్కాయి. వ్యాపారం, పరిశ్రమ రేవు పట్టణాల్లో పెరిగాయి. స్వతంత్ర భారతంలో ఏ సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో పరిశీలించి, యశ్ అగర్వాల్‌తో కలిసి ఆయన 1986లో ఒక గ్రంథం వెలువరించారు. ఎజాజుద్దీన్ అహ్మద్‌తో కలిసి తెచ్చిన ఆదివాసీ భారత అట్లాసు 1990లో వచ్చింది.

చదువు విషయంలోనూ ఆయనది ఇదే దృష్టి. జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థకు డైరెక్టరుగా, 1985 నుంచి 1990 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేశారు. ఆయన రూపమిచ్చిన నెహ్రూ విశ్వవిద్యాలయంలో తొలి దశాబ్దంలో, వెనకబడిన జిల్లాల నుంచి వచ్చిన అభ్యర్థులకు ప్రవేశాల్లో అదనపు మార్కులు కలిపేవారు. 1983లో ఆ పద్ధతిని తీసివేసి, 1990 దశకంలో మళ్లీ తెచ్చారు. అవకాశం అందని పిల్లవాడిని తెలివి లేనివాడిగా లెక్కగట్టరాదన్నదే అందులోని న్యాయం.

ఆయన 1994లో కన్నుమూశారు. ఆయన అడిగిన ప్రశ్నలు మాత్రం మన మొహల్లాలకూ వర్తిస్తాయి. హైస్కూలు ఎంత దూరంలో ఉంది? బస్సు ఎక్కడిదాకా వస్తుంది? ఆడపిల్లల చదువు ఏ తరగతి దగ్గర ఆగిపోతోంది, ఎందుకు? ఇవన్నీ జుగ్రాఫియా ప్రశ్నలే. వీటికి లెక్కతో జవాబు చెప్పగలిగిన బిడ్డ మన ఇంట్లో ఉంటే, అతడిని నిరుత్సాహపరచకండి.