అపెర్చర్ సైటు

అపెర్చర్ సైటు అనగా రైఫిలు మీద కంటికి దగ్గరగా బిగించే, నడుమ చిన్న రంధ్రం గల వెనుక సైటు. దీనిని పీప్ సైటు అని కూడా అంటారు. బోల్ట్ యాక్షన్ వేట రైఫిళ్ళలో దీనిని సాధారణంగా రిసీవరు వెనుక భాగాన అమరుస్తారు.

పనిచేసే విధానం

గాడి సైటులో గాడి, ముందు సైటు, లక్ష్యం మూడింటినీ కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. రంధ్రం గుండా చూసినపుడు కన్ను సహజంగానే మధ్యకు చేరుతుంది. ముందు సైటును లక్ష్యంపై నిలిపితే చాలును. సైట్ల మధ్య దూరం పెరగటం వలన గురి లోపం కూడా తగ్గుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు లీ-ఎన్‌ఫీల్డ్ నెం.4 రైఫిలులో ఇట్టి సైటు కలదు.

అమరిక

మొదట రైఫిలులో తూటా లేదని నిర్ధారించుకోవాలి. రిసీవరుకు స్క్రూ రంధ్రాలు లేనిచో వాటిని నిపుణుడే తొలచాలి. బోల్టు కదలికకు సైటు అడ్డు రాకూడదు.

కొత్త సైటు పాతదానికన్నా ఎత్తుగా ఉంటే, పూర్తిగా దించినా తూటాలు లక్ష్యానికి పైన తగులుతాయి. అపుడు ముందు సైటును ఎత్తైనదిగా మార్చాలి. ఉదాహరణకు సైట్ల మధ్య దూరం 700 మి.మీ. ఉండి, 100 మీటర్ల వద్ద తూటాలు 10 సెం.మీ. పైన పడితే, 0.7 మి.మీ. ఎత్తు పెంచాలి.

మసక వెలుతురులో సన్నని రంధ్రం పనికిరాదు కావున వేటకు పెద్ద రంధ్రాన్ని వాడుతారు. కాగితపు లక్ష్యంపై గురి సరిచూడకుండా వేటాడితే జంతువు చావక గాయంతో తప్పించుకుపోయే ప్రమాదం ఉంది.