చొక్కా చంకల్లో పసుపు మరక, పోని వాసన: అసలు కారణం ఏంటి, ఎలా వదిలించాలి?

ఈ రోజు టాపిక్ చాలామందికి ఉన్న ప్రాబ్లమే, కానీ ఎవరినైనా అడగాలంటే మొహమాటం. తెల్ల చొక్కాకి చంకల దగ్గర పసుపు మరక. ఉతికి ఆరేసిన టీషర్టే, కానీ వేసుకుని బస్సెక్కిన పది నిమిషాలకే మళ్ళీ అదే వాసన. ఉన్న రెండు ఫార్మల్ షర్టులతోనే ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్ళకి ఇది చిన్న విషయమేం కాదు, చెయ్యెత్తాలంటేనే భయం వేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో రూట్ కాజ్ తెలియకుండా ఫిక్స్ పెడితే ఇంకో బగ్ వస్తుంది కదా, ఇక్కడా అంతే. మరక వేరు, వాసన వేరు. విడివిడిగా చూద్దాం.

ముందు మరక సంగతి. చెమటకి మామూలుగా రంగు ఉండదు. అందులో నీళ్ళు, ఉప్పుతో పాటు కొంచెం ప్రోటీన్లు, కొవ్వు ఉంటాయి. మనం రాసుకునే యాంటీపెర్స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలు ఉంటాయి. చెమట రంధ్రాలకి అడ్డుపడి చెమట తగ్గించేవి అవే. ఇవన్నీ కలిసి గుడ్డలో ఇరుక్కుపోయి, మెల్లగా పసుపెక్కి అట్టకడతాయి. మీ డబ్బా వెనక చదవండి, అల్యూమినియం అని ఉంటే కారణం దొరికినట్టే.

ఇప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, తెల్ల బట్టే కదా అని క్లోరిన్ బ్లీచ్ పోసేస్తారు. అది చెమటలోని ప్రోటీన్లతో కలిసి మరకని ఇంకా పసుపెక్కిస్తుంది. వేడినీళ్ళు, ఇస్త్రీ కూడా వద్దు. కోడిగుడ్డు ఉడికితే గట్టిపడినట్టు, వేడికి ప్రోటీన్ గుడ్డకి పట్టేస్తుంది.

మరి ఏం చేయాలి? ఒక కప్పు వైట్ వెనిగర్‌ని రెండు కప్పుల చల్లనీళ్ళలో కలిపి, మరక ఉన్న చోటు అరగంట నానబెట్టండి. అల్యూమినియం లవణాలు వదులవుతాయి. తర్వాత శుభ్రంగా జాడించండి. ఇప్పుడు రెండు స్పూన్ల వంటసోడాలో ఒక స్పూను 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, కొంచెం నీళ్ళు కలిపి పేస్ట్ చేయండి. మెడికల్ షాపులో 6 శాతం ఇస్తే అంతే నీళ్ళు కలుపుకోండి. పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రాసి, అరగంట ఆగి, చల్లనీళ్ళలో జాడించి మామూలుగా ఉతికేయండి. మరక మిగిలితే ఇస్త్రీ చేయకుండా ఇంకోసారి చేయండి.

పెరాక్సైడ్ తెల్ల కాటన్‌కి బాగుంటుంది. రంగు బట్టలకి వెనిగర్ నీళ్ళతోనే ఆపండి, అదీ ముందు లోపలి మడత మీద టెస్ట్ చేసి. సిల్కు, ఉన్నికి ఈ పద్ధతి వద్దు.

ఒక వార్నింగ్. వెనిగర్, బ్లీచ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. వెనిగర్, పెరాక్సైడ్ కూడా ఒకే గిన్నెలో వద్దు. వెనిగర్‌లో వంటసోడా వేస్తే నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, మరకకి మిగిలేది ఏమీ ఉండదు.

ఇక వాసన. తాజా చెమటకి దాదాపు వాసనే ఉండదు. చంకలో ఉండే బాక్టీరియా ఆ చెమటని తిని విడగొడితే వచ్చేదే ఈ కంపు. 2014లో బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ వాళ్ళు 26 మంది చేత సైకిల్ తొక్కించి టీషర్టులు పరీక్షించారు. కాటన్ కన్నా పాలియెస్టర్ ఎక్కువ వాసన వచ్చింది. పాలియెస్టర్ నీళ్ళు పెద్దగా పీల్చదు, జిడ్డుని మాత్రం పట్టుకుని ఉంటుంది. జిమ్ టీషర్ట్, క్రికెట్ జెర్సీ ఎంత ఉతికినా కంపు కొట్టేది అందుకే.

వీటిని తిరగేసి, ఎంజైమ్స్ ఉన్న డిటర్జెంట్‌లో అరగంట నానబెట్టి ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి, అది దారం మీద పూతలా పేరుకుని జిడ్డుని లోపలే ఉంచుతుంది. తడి బట్టల్ని బకెట్లో రాత్రంతా వదిలేయకుండా, తిరగేసినవి తిరగేసినట్టే గాలి తగిలేలా ఆరేయండి.

చివరగా, యాంటీపెర్స్పిరెంట్‌ని రాత్రి పడుకునే ముందు, పొడి చర్మం మీద పల్చగా రాయండి. అప్పుడు చెమట తక్కువ కాబట్టి బాగా పని చేస్తుంది, పొద్దున చొక్కాకి అంటుకునేదీ తక్కువే. ఇంత చేసినా చెమట ధారలా కారుతుంటే స్కిన్ డాక్టర్‌ని కలవండి, దానికి ట్రీట్‌మెంట్ ఉంది.

మీ దగ్గర పక్కన పడేసిన చొక్కా ఉంటే ఈ ఆదివారం ట్రై చేసి, ఏమైందో కామెంట్‌లో చెప్పండి. ఇంటర్వ్యూలకి తిరుగుతున్న మీ ఫ్రెండ్‌కి ఇది పంపండి.