ఒక్క ఆజ్ఞ, నలభై యంత్రాలు

పోచంపల్లి చీర కొనేవారు దాని రంగులను, అంచును చూస్తారు. ఆ రంగులు దారానికి పట్టకముందు జరిగే ఆసుపని వారి కంటికి కనబడదు. నల్లగొండ ప్రాంతపు చేనేత ఇండ్లలో స్త్రీలు మేకుల చట్రం ముందు కూర్చుండి, దారాన్ని ఒక మేకునుంచి మరొక మేకుకు తిప్పుతూ, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేతిని ఆడించేవారు. ఇందుకు నాలుగైదు గంటలు పట్టేది. భుజాలు, మోచేతులు నొప్పి పెట్టేవి. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధను చూచి, ఏండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసుయంత్రాన్ని తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. యంత్రంతో సుమారు గంటన్నరలోనే ఒక చీరకు ఆసు పూర్తి కాసాగింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది.

ఈ కథలో రెండు పాఠాలున్నవి. కదలిక ఒకటే అయి, లెక్క ముందుగా తెలిసివుంటే ఆ పనిని యంత్రానికి అప్పగించవచ్చును. ఇది మొదటిది. పోగుల లెక్క తప్పితే ఆ తప్పు అద్దకంలోకి, అద్దకంనుంచి నేతలోకి పోతుంది. యంత్రం దానిని ఆపదు. ఇది రెండవది. కంప్యూటర్లను కాపాడే ఉద్యోగికి కూడా ఈ రెండు పాఠాలే ఆధారం.

కంప్యూటర్ల కాపరి

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లోను, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లోను ఏర్పడినవి. ఈ ప్రాంతంలోని కళాశాలలలో కంప్యూటర్ ప్రయోగశాలలు ఇప్పుడు సామాన్యమైన విషయం. అటువంటి ఒక ప్రయోగశాలలో 40 కంప్యూటర్లు ఉన్నవనీ, అన్నీ విండోస్ అనే నిర్వహణ వ్యవస్థతో పనిచేస్తున్నవనీ అనుకుందాం. వాటి యోగక్షేమాలు చూచే వ్యక్తిని సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు అంటారు.

ఆయనకు ఉదయంనుంచి వచ్చే పనులు చిన్నవే. ఒక విద్యార్థి సంకేతపదం మరచిపోతాడు. ఒక యంత్రంలో డిస్కు నిండిపోతుంది. ప్రింటరుకు పంపిన కాగితాలు వరుసలో చిక్కుకొని బయటికి రావు. కొత్తగా చేరిన విద్యార్థులందరికీ ఖాతాలు తెరవవలసివుంటుంది. ఒక్కొక్క యంత్రం వద్ద కూర్చుండి ఒక చిన్న మార్పు చేయడానికి 6 నిమిషాలు పడుతుందనుకుంటే, 40 యంత్రాలకు 240 నిమిషాలు, అనగా 4 గంటలు కావలెను. ఇది కూడా ఒక విధమైన ఆసుపనియే. పైగా మనిషి అలసిన కొద్దీ ముప్పయ్యవ యంత్రం వద్దనో, ముప్పయ్యయిదవ యంత్రం వద్దనో ఒక మెట్టు మరచిపోతాడు.

ఆజ్ఞల పట్టీ

చేయవలసిన పనులను యంత్రానికి అర్థమయ్యే భాషలో వరుసగా వ్రాసి దాచుకున్న పట్టీని స్క్రిప్టు అంటారు. వంటకు కావలసిన దినుసులు, చేసే క్రమం ఒక కాగితంమీద వ్రాసి ఇస్తే ఎవరైనా వండగలిగినట్లే, స్క్రిప్టు ఉంటే యంత్రం అదే పనిని ఎన్నిసార్లయినా అదే క్రమంలో చేస్తుంది.

1981లో వచ్చిన ఎం.ఎస్.డాస్ కాలంలోనే బ్యాచ్ ఫైళ్ళనే ఆజ్ఞల పట్టీలు ఉండేవి. 1996లో వి.బి.స్క్రిప్టు వచ్చింది. 2002లో జెఫ్రీ స్నోవర్ అనే మైక్రోసాఫ్టు ఇంజనీరు మోనాడ్ అనే కొత్త పద్ధతిని ప్రతిపాదించాడు. అదే 2006లో పవర్‌షెల్ అనే పేరుతో విడుదలైనది. 2016లో దాని మూలరూపం అందరికీ బహిరంగమై, లైనక్స్ యంత్రాలమీద కూడా నడవసాగింది. వి.బి.స్క్రిప్టును క్రమంగా తొలగించనున్నట్లు మైక్రోసాఫ్టు 2023లో ప్రకటించింది. కాబట్టి పాత పట్టీలను కొత్త భాషలోకి మార్చి వ్రాయడం నేటి అడ్మినిస్ట్రేటర్ల పనులలో ఒకటైనది.

అక్షరాలా, వస్తువులా?

పాత పద్ధతికి, పవర్‌షెల్‌కు గల ముఖ్యమైన భేదాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చును. ముప్పై దినాలకంటె పాతవైన తాత్కాలిక ఫైళ్ళను తొలగించవలెననుకుందాం. బ్యాచ్ పద్ధతిలో ఫైళ్ళ జాబితా ఉత్త అక్షరాల వరుసగా వస్తుంది. తేదీ ఎన్నవ గడిలో ఉన్నదో లెక్కించి, ఆ ముక్కను కోసి తీసుకోవలెను. ఒక యంత్రంలో 05-03 అంటే మార్చి 5. అమెరికా పద్ధతిలో అమర్చిన పక్క యంత్రంలో అదే మే 3. ఒకచోట సరిగా నడచిన పట్టీ మరొకచోట ఉంచవలసిన ఫైళ్ళను తొలగించవచ్చును.

పవర్‌షెల్‌లో ఒక ఆజ్ఞనుంచి తరువాతి ఆజ్ఞకు అందేది అక్షరాల వరుస కాదు. పేరు, పరిమాణం, తేదీ మొదలైన లక్షణాలు విడివిడిగా కలిగిన వస్తువు. తేదీ అక్కడ తేదీగానే ఉంటుంది. తెరమీద ఏ రూపంలో కనబడినా పోలిక తప్పదు. ధాన్యపు బస్తాపై ఉన్న చీటీని చదివి లోపల ఏమున్నదో ఊహించడం పాత పద్ధతి. బస్తానే చేతికి అందించడం కొత్త పద్ధతి.

నలభై యంత్రాలకు ఒకేసారి

ముందుగా అనుమతి ఏర్పాటుచేసి ఉంచితే, పవర్‌షెల్ ఒకచోటనుంచి అనేక యంత్రాలకు ఆజ్ఞను పంపగలదు. ఏ మార్పూ చేయకపోతే అది ఒకే సమయంలో 32 యంత్రాలతో పనిచేస్తుంది. వాటిలో ఒక్కొక్కటి ముగిసిన కొద్దీ మిగిలిన 8 వంతుకు వస్తవి.

కాని నలభైకి ఆజ్ఞ పంపితే నలభై జవాబులు వస్తవని నమ్మరాదు. ఒకటి కరెంటు లేక ఆగివుంటుంది. మరొకదాని తీగ ఊడివుంటుంది. అందువల్ల మంచి స్క్రిప్టు పని చేయడంతో ఆగదు. ఏ యంత్రంలో పని జరిగినదో, ఏ యంత్రంలో జరగలేదో చిట్టా వ్రాస్తుంది. మిగిలినవాటికోసం రెండవసారి నడిపితే, ముందే పూర్తయిన యంత్రాలకు హాని కలగకుండ ఉండవలెను.

గడియారం కూడా ఒక చిక్కే. యంత్రం లోపలి 3 వోల్టుల చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా కాలం తప్పుతుంది. ఒకే కేంద్రంనుంచి ఖాతాలను తనిఖీచేసే విండోస్ ఏర్పాటులో కాలభేదం సాధారణంగా 5 నిమిషాలు మించరాదు. మించితే సంకేతపదం సరియైనదే అయినా ప్రవేశం దొరకదు. విద్యార్థి సంకేతపదాన్ని అనుమానిస్తాడు. అనుభవం కలవాడు ముందుగా గడియారం చూస్తాడు.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైన వేళ

విద్యార్థుల పేర్లను తెలుగులో వ్రాసుకొనే కళాశాలకు మరొక చిక్కు గలదు. ఆస్కీ అనే పాత సంకేత విధానంలో 128 గుర్తులు మాత్రమే ఉన్నవి. వాటిలో తెలుగు అక్షరాలు లేవు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు చోటిచ్చింది. అయినా విండోస్‌తోబాటు వచ్చే పవర్‌షెల్ 5.1లో జాబితాను సి.ఎస్.వి. ఫైలుగా ఎగుమతి చేసేటప్పుడు, వేరుగా చెప్పకపోతే, ఆస్కీనే వాడుతుంది. అప్పుడు ప్రతి తెలుగు పేరు ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది. అట్లు పోయిన అక్షరాలను ఆ ఫైలునుంచి తిరిగి పొందలేము. యు.టి.ఎఫ్.-8 విధానం వాడుమని ఒక్క మాట చేర్చితే ఈ నష్టం తప్పుతుంది.

తప్పు కూడా నలభై రెట్లు

ఇప్పుడు రెండవ పాఠానికి వద్దాం. ఒక జాబితాలోని ఫోల్డర్ల పేర్లు చదివి, ఒక్కొక్కదానిలో ఉన్న ఫైళ్ళను తొలగించే స్క్రిప్టును ఊహించండి. జాబితాలో ఒక వరుస పొరపాటున ఖాళీగా ఉన్నది. స్క్రిప్టు ఆ ఖాళీకి గీతను, నక్షత్రపు గుర్తును చేర్చుతుంది. అప్పుడు ఆజ్ఞ అర్థం “డిస్కు మొదటినుంచి అన్నీ తొలగించు” అని మారుతుంది. విద్యార్థులు సంవత్సరమంతా చేసిన ప్రాజెక్టులు నలభై యంత్రాలలో ఒక్క క్షణంలో పోవచ్చును. చేతితో చేసే మనిషి మొదటి యంత్రం వద్దనే ఉలిక్కిపడి ఆగేవాడు; స్క్రిప్టుకు ఉలికిపాటు లేదు.

అందుకే పవర్‌షెల్‌లో ‘వాట్ఇఫ్’ అనే సౌకర్యం పెట్టారు. ‘ఇట్లు చేస్తే ఏమగును’ అని దాని భావం. దానిని చేర్చితే తొలగింపు వంటి ఆజ్ఞలు పని చేయక, ఏమి చేయబోతున్నవో మాత్రం చెబుతవి. ముందు ఈ రిహార్సలు, తరువాత ఒక్క యంత్రం, ఆ తరువాత ఐదు, చివరకు నలభై - ఇది క్షేమమైన క్రమం.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2024 జూలై 19న లోకానికి తెలిసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సంస్థ పంపిన దోషపూరితమైన ఒక సవరణ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయంలో ఆ దినం కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇవ్వవలసివచ్చింది. యంత్రం లేవనే లేవదు కాబట్టి దూరంనుంచి పంపే ఆజ్ఞ దానికి అందదు. అనేకచోట్ల ఉద్యోగులు ఒక్కొక్క యంత్రం వద్దకు వెళ్ళి, ఆ ఫైలును చేతితో తొలగించవలసివచ్చింది.

అట్లని సవరణలను వాయిదా వేయడం క్షేమమా? కాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు విండోస్‌లోని ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. మే 12న వానక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఆ లోపం ద్వారానే ప్రపంచమంతా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాత పడినవి. సవరణకు, దాడికి మధ్య 59 దినాల గడువున్నది. ఏ యంత్రానికి సవరణ అందలేదో చెప్పగల చిన్న పట్టీ ఈ గడువులో ఎంతో మేలు చేయగలదు. తొందర ఎంత ప్రమాదమో, ఆలస్యమూ అంతే ప్రమాదం. అంచెలంచెలుగా, లెక్కతో, ఆగకుండ సాగడమే మార్గం.

పాఠశాలలో చేయదగిన పని

2023లో నల్లగొండలోను, మహబూబ్‌నగర్ సమీపాన దివిటిపల్లిలోను ఐ.టి. టవర్లు ప్రారంభమైనవి. ఈ వృత్తిలో ప్రవేశించగోరే విద్యార్థికి మొదటి శిక్షణ కంప్యూటరు లేకుండానే ఇవ్వవచ్చును. ఉపాధ్యాయులు ఒక విద్యార్థిచేత “బావినుంచి బిందెడు నీళ్ళు తేవడం” అనే పనిని మెట్లుగా వ్రాయించి, మరొకనిచేత అక్షరాలా ఆ మెట్లే చేయించి చూడవలెను. చేద తెగివుంటే ఏమి చేయవలెనో, బిందె ముందే నిండివుంటే ఏమి చేయవలెనో వ్రాయలేదని వెంటనే తెలుస్తుంది. వ్రాసినవాడు ఊహించని సందర్భమే స్క్రిప్టుకు గండం.

ఆసుయంత్రం వచ్చిన తరువాత చేతికి విశ్రాంతి దొరికింది గాని, కంటికి, బుద్ధికి పని తప్పలేదు; దారం తెగినదేమో, లెక్క సరిపోయినదేమో మనిషే చూడవలెను. ఆజ్ఞల పట్టీ వ్రాసేవానికి కూడా మిగిలేది ఆ పనే.