కుండీలో మొక్క పుట్టిల్లు చూశా!

సికింద్రాబాద్‌లో మనం కుండీల్లో అపురూపంగా పెంచుకునే జేడ్ మొక్క అక్కడ ఏనుగుల మేత. మనం వేలు పోసి కొనే 'రాతి మొక్కలు' అక్కడ నిజంగానే రాళ్ల మధ్య దాక్కుని బతుకుతున్నాయి. వాటిని వాటి ఇంట్లోనే చూద్దామని దక్షిణాఫ్రికా వెళ్లొచ్చిన ఓ మొక్కల ప్రేమికుడి అనుభవాలివి.

కలబంద, రణపాల, బ్రహ్మజెముడు... పది కుండీలతో మొదలైన పిచ్చి నాది. ఇప్పుడు మా బాల్కనీలో నూట నలభై ఉన్నాయి. బట్టలారేయడానికి చోటు లేదని మా ఆవిడ రోజూ దెప్పుతూనే ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు మాత్రం ముచ్చటపడి 'ఇవన్నీ ఎక్కణ్నుంచి తెచ్చారండీ?' అని అడుగుతారు. నేనేమో నర్సరీ పేరు చెప్పేవాణ్ని. మరి నర్సరీకి ఎక్కణ్నుంచి వచ్చాయి? ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆలోచింపజేసింది ఓ చిన్న రాయి. నాలుగేళ్ల క్రితం ఇంటర్నెట్‌లో చూసి కోనోఫైటం అనే మొక్క తెప్పించుకున్నా. బఠాణీ గింజలు గుత్తిగా అతికించినట్టు భలే ఉంది. వేసవిలో పాపం ఎండిపోతోందని రోజూ నీళ్లు పోశా. అంతే, పది రోజుల్లో కుళ్లిపోయింది. కుండీ బోర్లిస్తే వేళ్ల మధ్య ఇరుక్కుని తెల్లటి పలుగురాయి ముక్క ఒకటి కనిపించింది. నర్సరీ మట్టిలో పలుగురాయి ఎందుకుంటుంది? దాన్ని పారేయకుండా బల్లమీద పెట్టుకున్నా. నిరుడు ఆగస్టులో దక్షిణాఫ్రికా విమానం ఎక్కేదాకా అది అక్కడే ఉంది.

ఏనుగు చుట్టం... ఎలుకలా!

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా కేప్‌టౌన్ చేరాం. ఊరికి ఏ మూల నిలబడినా పైభాగం బల్లపరుపుగా ఉండే టేబుల్ మౌంటెన్ కనిపిస్తుంది. ఆ కొండ తూర్పువాలులోనే ఉంది కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానవనం. స్థానిక మొక్కల్ని పెంచి కాపాడాలని 1913లో మొదలుపెట్టారు. అక్కడి అద్దాల గదిలో ఎడారి మొక్కల్ని చూస్తుంటే మా బాల్కనీకి వెళ్లినట్టే అనిపించింది. కాకపోతే నా దగ్గర చిటికెన వేలంత ఉన్నవి అక్కడ నా ఎత్తున ఉన్నాయి.

కొండమీద పందికొక్కులా బొద్దుగా ఉన్న జంతువులు రాళ్లపై ఎండ కాగుతున్నాయి. వాటి పేరు డాస్సీ. చూస్తే ఎలుక జాతేమో అనిపిస్తుంది. కానీ జీవుల వంశవృక్షంలో దానికి దగ్గరి చుట్టం ఏనుగట!

పళ్లు నూరే మైదానం

కేప్‌టౌన్ నుంచి ఉత్తరంగా ఎన్7 రహదారిలో సుమారు 300 కిలోమీటర్లు వెళ్తే వాన్‌రీన్స్‌డార్ప్ అనే ఊరు. అది దాటితే క్నెర్స్‌ఫ్లాక్టె. అంటే 'పళ్లు నూరే మైదానం'. పాతకాలంలో బండిచక్రాల కింద రాళ్లు నలిగే చప్పుడుకి ఆ పేరు వచ్చిందంటారు. 2014లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యం అన్నానని చెట్ల కోసం వెతక్కండి. కనుచూపుమేరా తెల్లటి పలుగురాళ్లే. ఎవరో లారీలకొద్దీ ఉప్పురాళ్లు పారబోసినట్టుంటుంది.

'కాస్త చూసి అడుగేయండి' అన్నాడు గైడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. మోకాళ్లమీద కూర్చుని చూస్తే... అవి అన్నీ రాళ్లు కావు! రాళ్ల మధ్య బూడిదరంగులో బొటనవేలంత ఆకుల జంటలు. ఆర్గిరోడెర్మా అనే ఈ మొక్కల్ని స్థానికులు 'పసిపిల్లల పిరుదులు' అంటారు. చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లని మెచ్చుకోకుండా ఉండలేం. తెల్లరాయి ఎండని తిప్పికొడుతుంది కాబట్టి పక్కనున్న నల్లటి నేలకన్నా ఇక్కడ చల్లగా ఉంటుంది. అందుకే ఈ బుల్లి మొక్కలు రాళ్లని వదలవు.

ఇలా మోసపోయింది నేనొక్కణ్నే కాదు. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఈ దేశంలోనే ఓ గులకరాయిని చేతిలోకి తీసుకున్నాడు. తీరా చూస్తే మొక్క! ఇప్పుడు మనం లితాప్స్ అనే రాతి మొక్కల గురించి తొలిసారి రాసింది ఆయనే.

ఆ పక్కనే బఠాణీ గింజల గుత్తి. నా కోనోఫైటం లాంటిదే! వేసవిలో ఇది పాత ఆకుల్ని కాగితంలాంటి తొడుగులా కప్పుకుని నిద్రపోతుంది. శీతకాలం వానలకి మేలుకుని తొడుగు చీల్చుకుని బయటికొస్తుంది. అంటే మా ఇంట్లో అది ఎండిపోలేదు... నిద్రపోయింది. నిద్రపోతున్నదాన్ని నీళ్లలో ముంచి చంపింది నేనే. దాని చుట్టూ ఉన్న పలుగురాళ్లు చూశాక మా బల్లమీది రాయి గుర్తొచ్చింది. గుండె గతుక్కుమంది. నేను కొన్నది నర్సరీలో మొలిచింది కాదు. ఇలాంటి చోటు నుంచే తవ్వి తెచ్చింది.

రాత్రిపూట శ్వాస

మన సికింద్రాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడ చాలాచోట్ల 100 నుంచి 200 లోపే. మరి ఎలా బతుకుతాయి? మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి. ఆ సమయంలోనే నీరు ఆవిరైపోతుంది. వీటిలో చాలావాటి పద్ధతి వేరు. పగలు తలుపులు బిగించుకుని రాత్రి తెరుస్తాయి. అప్పుడు తీసుకున్న బొగ్గుపులుసు వాయువుని ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లారాక ఎండలో వాడుకుంటాయి.

దీన్ని మీరూ పరీక్షించొచ్చు. పొద్దున్నే రణపాల ఆకు కొరికితే పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి చప్పబడిపోతుంది. ఈ సంగతి కనిపెట్టి 1815లో లండన్‌లో అచ్చయిన ఓ లేఖలో రాసిన బెంజమిన్ హైన్ ఒకప్పుడు మన సామర్లకోటలో కంపెనీవారి తోట చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడే!

అగ్గిపెట్టెకి కాస్త పెద్ద తాబేలు

ఇంకా ఉత్తరానికి వెళ్తే నమాక్వాలాండ్‌కి నడిబొడ్డు లాంటి స్ప్రింగ్‌బాక్ పట్టణం. దాని పక్కనే గోగాప్ అభయారణ్యం. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ ఎడారి నారింజ, పసుపు పూలతో నిండిపోతుంది. అయితే పూలు బాగా ఎండెక్కాకే విచ్చుకుంటాయి. మబ్బు పట్టిందా... ముడుచుకునే ఉంటాయి. మాకూ ఒక రోజు అలాగే వృథా అయింది.

మర్నాడు మాత్రం కన్నులపండుగే. పూల మధ్య కొండ జీబ్రాలు, బల్లేల్లాంటి కొమ్ములతో జెమ్స్‌బాక్‌లు. వాలులో క్వివర్ చెట్లు. ఇవి మన కలబందకి చుట్టాలే కానీ ఇంటికన్నా ఎత్తు పెరుగుతాయి. శాన్ అనే ఆదివాసులు వీటి కొమ్మల్ని తొలిచి అమ్ములపొదులు చేసుకునేవారు. కరవు మరీ ముదిరితే ఈ చెట్టు తన కొమ్మని తానే వదిలేసుకుంటుందట, మిగతా ఒంటిని కాపాడుకోవడానికి.

ఓ రాతిపగులులో గైడు చూపించిన జీవి నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది. అది మచ్చల పాడ్‌లోపర్. ప్రపంచంలోకెల్లా చిన్న తాబేలు. పెద్దదైనా పది సెంటీమీటర్లు దాటదు. ఈ రాళ్లే దాని ఇల్లు. పెంచుకోవాలని ఎత్తుకెళ్లేవాళ్ల బెడద దానికీ తప్పలేదు.

ఇంటర్నెట్‌లో ఇష్టం... కొండమీద గొయ్యి

ఈ ప్రాంతాన్ని శాస్త్రజ్ఞులు సక్యులెంట్ కరూ అంటారు. ఇక్కడ 6 వేలకు పైగా మొక్క జాతులున్నాయి. వాటిలో సుమారు 40 శాతం ప్రపంచంలో మరెక్కడా లేవు. కొన్ని కోనోఫైటాలైతే ఒకే ఒక్క గుట్టకి పరిమితం. ఆ గుట్టమీద ఒక ముఠా ఒక్క రాత్రి గడిపితే చాలు, ఆ జాతి కథ ముగిసినట్టే.

2019 తర్వాత ఈ దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. 2020లో కొవిడ్‌తో రాకపోకలు ఆగిపోయాక విదేశీ వ్యాపారులు స్థానిక నిరుద్యోగుల చేతే తవ్వించడం మొదలుపెట్టారు. 2019-24 మధ్య అక్కడి అధికారులు పట్టుకున్న మొక్కలే పదిలక్షలు దాటాయి. దొరికినవాటిని తిరిగి నాటడమూ తేలిక కాదు. ఏ గుట్టమీద తవ్వారో తెలిస్తే కదా!

'కొనేవాళ్లు లేకపోతే తవ్వేవాళ్లుండరు' అన్నాడు గైడు. నన్ను ఉద్దేశించి కాదు. కానీ నేను తలెత్తి చూడలేకపోయా. ఆ రాత్రి నా మొక్క సంగతి ఆయనకి చెప్పేశా. తిడతాడనుకున్నా. 'అయితే ఊరెళ్లాక పదిమందికి చెప్పండి' అన్నాడు. అందుకే ఈ వ్యాసం.

ఏనుగు తిన్నా ఎదిగే చెట్టు

కేప్‌టౌన్‌కి తిరిగొచ్చి అక్కణ్నుంచి ఆగ్నేయతీరంలోని గెబెహాకి విమానంలో వెళ్లాం. 2021 వరకు దాని పేరు పోర్ట్ ఎలిజబెత్. అక్కడికి సుమారు 70 కిలోమీటర్లలో అడ్డో ఏనుగుల జాతీయ పార్కు. 1931లో దాన్ని ఏర్పాటుచేసినప్పుడు మిగిలిన ఏనుగులు 11. ఇప్పుడు 600 పైమాటే.

మన నర్సరీల్లో 'జేడ్' అని అమ్మే చిన్నాకుల మొక్క చాలాసార్లు అసలు జేడ్ కాదు, స్పెక్‌బూమ్. అడ్డోలో అది మనిషికి మించిన పొదల్లా పెరిగి గుట్టలన్నిటినీ కప్పేసింది. ఓ ఏనుగుల గుంపు మా జీపు పక్కనే నిలబడి కొమ్మలు విరుచుకు తింటుంటే నా బాల్కనీ కళ్లముందు మెదిలింది. ఏనుగు పైనుంచి తింటుంది. కింది కొమ్మలు, జారిపడ్డ ముక్కలు మళ్లీ వేళ్లూనుకుంటాయి. మేకలు మాత్రం కిందినుంచి కొరికి మోడు చేసేస్తాయి. దారిలో 'పేడపురుగులకు దారివ్వండి' అన్న బోర్డు చూసి మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఏనుగు పేడని నేలలో కలిపేవి అవే మరి!

తిరుగు ప్రయాణంలో నా సూట్‌కేసులో ఒక్క మొక్కా లేదు. దిగుమతి అనుమతి, మొక్కకి రోగం లేదన్న ధ్రువపత్రం లేకుండా మన దేశంలోకి తేకూడదు. అవి ఉన్నా తెచ్చేవాణ్ని కాదేమో.

పేరు మనదే!

గోగాప్ దారిలో గైడు హూడియా అనే మొక్క చూపించాడు. వేలెడు మందాన నిలువుగా పెరిగే ఆకుల్లేని కాడలు. వేటకెళ్లే శాన్‌లు ఆకలి తెలియకుండా దాన్ని నమిలేవారు. ఆ జ్ఞానాన్ని మందులకి వాడుకున్నందుకు వాళ్లకీ వాటా ఇవ్వాలని 2003లో ఒప్పందం జరిగింది. దాన్ని చూడగానే 'అరె, కుందేటి కొమ్ములు!' అనేశా. మన రాతిగుట్టల్లో పెరిగే ఆ మొక్కకి హూడియా దగ్గరి చుట్టమే.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే ఇంకో విశేషం తెలిసింది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గురించి పుస్తకం వేశాడు. అందులో మన కుందేటి కొమ్ముల జాతి మొక్కని వర్ణిస్తూ తెలుగువాళ్లు దాన్ని 'కారల్లం' అంటారని రాశాడు. ఆ మాటనే తీసుకుని రాబర్ట్ బ్రౌన్ 1810లో ఆ ప్రజాతికి కారల్లుమా అని పేరుపెట్టాడు. ప్రపంచమంతా వాడే శాస్త్రీయనామం మన తెలుగు మాట! అది తెలుసుకోవడానికి నేను సముద్రాలు దాటాల్సొచ్చింది.

మొన్న వానలు తగ్గుముఖం పట్టాక ఊరి బయట ఓ గుట్టెక్కాం. బండరాయి నీడన నాలుగు పలకల ఆకుపచ్చ కాడలు, చివర్లో ముదురు ఎరుపు పూలు. 'ఒక కొమ్మ తెచ్చుకోకూడదటండీ?' అంది మా ఆవిడ. ఇదివరకైతే ఆమె అడిగేలోపే తెంచేసేవాణ్ని. ఫొటో తీసుకుని దిగొచ్చేశాం. మీ ఊరి గుట్టల్లోనూ ఉండే ఉంటాయి, ఓసారి వెళ్లి చూడండి. మొక్కలు కొనేటప్పుడు మాత్రం 'విత్తనం నుంచి పెంచినదేనా?' అని ఒక్క మాట అడగండి. ఆ పలుగురాయి ఇంకా నా బల్లమీదే ఉంది.