కబ్జా అను మాట

హైదరాబాదు నగరమునకు తూర్పున చంపాపేట, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్ ప్రాంతములలో ఇంటిస్థలముల ప్రస్తావన వచ్చినచో కబ్జా అను మాట వినబడక మానదు. "వారి స్థలమును కబ్జా చేసిరట" అన్నంతనే, ప్రహరీ కూల్చి లోనికి చొరబడిన దుర్మార్గుడు కన్నులకు గట్టును. కాని ఈ మాటకు పుట్టుకతో ఆ దోషము లేదు.

అరబ్బీలో ధాతువనగా హల్లుల కూర్పు. అచ్చులు మారినకొలది క్రొత్త పదములు పుట్టుచుండును. ఖాఫ్, బే, దాద్ అను మూడు హల్లుల ధాతువునకు పిడికిట బట్టుట యని అర్థము. కడపటి హల్లును ఫారసీ, ఉర్దూ వారు మెత్తని జకారముగా పలుకుదురు. ఆ త్రోవనే మనకు వచ్చుటచే కబ్జా యైనది. నగరములో ఖబ్జా అనువారును గలరు. అది దక్కనీ ఉర్దూ ఉచ్చారణ.

పిడికిట నిముడునది గనుక ఉర్దూలో కత్తిపిడి కబ్జా. తలుపును విడువక పట్టియుంచు మడతబందును కబ్జాయే. ప్రేవులు బిగియుటచే కలుగు మలబద్ధమును యునానీ హకీములు కబ్జ్ అందురు. సూఫీలు హృదయము ముడుచుకొనిన స్థితికి ఆ పేరే పెట్టిరి. వైద్యునికిని వేదాంతికిని ఒకే మాట చాలినది! మన పిడికిలి, పిడికెడు, కత్తిపిడి అనువానిని తలచినచో ఈ అర్థవిస్తరము మనకు వింతగా తోచదు.

న్యాయస్థానములలో కబ్జా యనగా స్వాధీనము మాత్రమే. అది న్యాయమో అన్యాయమో ఆ మాట చెప్పదు. తెలంగాణపు పాత పహాణీలలో పట్టాదారునకు ఒక గడి, కబ్జాదారునకు వేరొక గడి యుండెడివి. రెండవది భూమిని అనుభవించుచున్నవాని పేరు. 1955 నాటి ఇనాముల రద్దు చట్టములో కాబిజె-ఖదీం అను మాట గలదు. ఇనాము ఇచ్చునాటికే భూమిపై నున్నవాడు, లేక పండ్రెండేండ్లకు తక్కువ గాకుండ ఎడతెగక స్వాధీనములో నుండి, ఇనాందారునకు భూమిశిస్తు మాత్రమే చెల్లించినవాడు ఆ పేరునకు తగును. వానికి ఆ చట్టము రక్షణ కల్పించినది. మరి 1982 నాటి చట్టము భూమి నాక్రమించుటను నేరముగా నెంచినది. జనులు కబ్జా యనునది దానినే. ఒకే ధాతువు ఇచట రక్షణ పొందినవానిని, అచట శిక్షార్హుని చెప్పుచున్నది.

భేదమంతయు క్రియలో గలదని మా అభిప్రాయము. కబ్జాలో నున్నది యనిన స్థితి. కబ్జా చేసెను అనిన నింద. కనుక పాత పహాణీలో తాతగారి పేరు కబ్జాదారు గడిలో కనబడినచో సిగ్గుపడి ఆ కాగితమును దాచివేయ నక్కరలేదు. దానినే హక్కుపత్రమని మురియుటయు తగదు. కబ్జా వేరు, హక్కు వేరు. తెలిసిన న్యాయవాదికి చూపవలెను.

కబూలు, కబూలియతు అనునవి దస్తావేజులలో దీని ప్రక్కనే కనబడును గాని చుట్టములు కావు. వాని కడపటి హల్లు లాం. ఒప్పుకొనుట యని అర్థము గల వేరు ధాతువు అది.